పోలయ్య జీపూ, నేను కట్టిన తోరమూ

జీపులో మంటలార్పే సిలిండర్‌ను ఎక్కడ పెట్టకూడదని ఎవరైనా అడిగితే నేను ఊపిరి తీసుకోకుండా చెప్పగలను. బియ్యం బస్తాల కింద పెట్టకూడదు. పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవిని ఇంట్లో మేకుకు తగిలించి రాకూడదు. గుంటల్లో దెబ్బ తగులుతుందని పాత దుప్పటిలో చుట్టి, పైన తాడు బిగించకూడదు. సంతలో కొన్న కోడి పారిపోకుండా దాని కాలిని సిలిండర్ పిడికి కట్టకూడదు. ఇవి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా డ్రైవర్లే ఒక్కొక్కటిగా చేసి చూపించారు. ఇంత ఓపికగా నేర్పినందుకు వాళ్లందరికీ నా నమస్కారాలు.

మా అక్క మనవరాలు ఈమధ్యే ఒక కంపెనీలో సేఫ్టీ ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికి మా ఇంటికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"చిన్నమ్మమ్మా, సచ్ బోలో. ఇన్నేళ్లూ డ్యూటీలో నువ్వు ఏం చేసేదానివి?"

"ఎర్ర డబ్బాలు ఊపేదాన్ని."

"బస్?"

"అంతే."

అది నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత రెండు రోజులు ఆలోచించి ఇది రాయడం మొదలుపెట్టాను. దానికి తెలుగు మాట్లాడటం వచ్చినంత బాగా చదవడం రాదు కాబట్టి మా అక్క చదివి వినిపిస్తుంది. చదువుతూ చదువుతూ అక్క తన సొంత అభిప్రాయాలు కూడా కలుపుతుంది. అవి నావి కావని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఏ ఏడాది ఏ హోదా వచ్చిందో, ఎన్ని రిజిస్టర్లు నింపానో రాయను. ఎక్కువగా పోలయ్య అనే డ్రైవరు గురించి, ఆయన జీపు గురించి రాస్తాను. ఆయన సునామీలో పడవ పోగొట్టుకున్న మనిషి. ఆ జీపు కూడా పోతే ఆయనకు మిగిలేది ఒక తెడ్డు. అది పోకుండా చూడటం నా ఉద్యోగం. దాన్ని దాదాపు పోగొట్టబోయింది కూడా నేనే.

డబ్బాల మీద చదువు

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. మాది సముద్రం మధ్య దీవి, అక్కడ మిడిల్ పాయింట్‌లో చిన్న కిరాణా కొట్టు. పొట్లాలు కట్టడానికి ఓడ మీద వచ్చే పాత పేపర్లే నా తెలుగు వాచకాలు. ఇంగ్లీషు బిస్కెట్ డబ్బాల మీద నేర్చుకున్నాను, హిందీ సబ్బు పెట్టెల మీద. స్తోత్రాలు అమ్మ నేర్పింది. దీనివల్ల నాకొక అలవాటు పడిపోయింది. ఏ డబ్బా చేతికొచ్చినా పైనుంచి కింది దాకా చదవందే దించను.

సునామీ తర్వాత కొన్ని నెలలకు మా కొట్టు పక్క మేడ మీద ఒక కాంట్రాక్టరు ఆఫీసు వెలిసింది. ఇళ్లు పోయినవాళ్లకు ముందు రేకుల ఇళ్లు, తర్వాత పక్కా ఇళ్లు కట్టే పని. రేకులు, సిమెంటు, డీజిలు మోయడానికి ఏడు జీపులు. మేనేజరు రావుగారు విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి. ఒకరోజు ఎర్ర సిలిండర్ ఒకటి చంకన పెట్టుకుని మా కొట్టుకు వచ్చారు. ముందురోజు తన కళ్లజోడు మీద తనే కూర్చున్నారట.

"ఏమ్మా, దీని మీద ఏం రాసుందో కాస్త చదివి పెడతావా?"

చదివాను. పిన్ను లాగమన్నది, మంట మొదట్లో కొట్టమన్నది, ఎండలో ఉంచవద్దన్నది, చివర తయారుచేసినవాళ్ల చిరునామా, పిన్‌కోడుతో సహా. అంతా స్తోత్రం చదివినట్టు ఒకే లయలో.

ఆయన "ఇంత దూరం ఎవరూ చదవలేదమ్మా," అన్నారు. "ప్రతి జీపులో ఇలాంటిదొకటి ఉండాలని మా పెద్దసారు పట్టుబట్టాడు. వీటిని చూసుకోవడానికి మనిషి కావాలి. వస్తావా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న దేవుడి పటం వైపు చూశాడు. దేవుడు వద్దనలేదు కాబట్టి వెళ్లాను.

పని నేర్పింది మాత్రం కురియన్ సాబ్. అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన మలయాళీ పెద్దాయన. మా వీధి చివర సిలిండర్లు నింపే చిన్న షాపు పెట్టుకున్నారు. ఆయన హిందీలో చెప్పేవారు, నేను తెలుగులో గుర్తుపెట్టుకునేదాన్ని. మొదటి రోజు చెప్పింది ఇదే: "బేటీ, ఇందులో రెండు కిలోల పొడి ఉంది. నువ్వు పది లెక్కపెట్టేసరికి ఖతమ్. దీన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకోకు. ముందు మనుషుల్ని దింపు. గాలిని వీపుకు పెట్టుకో. మంట తలకాయని కొట్టకు, కాళ్లని కొట్టు." ఇన్నేళ్లలో దీనికి నేను కలిపింది చాలా తక్కువ.

తాళం వేసిన భద్రత

ఏడు సిలిండర్లూ వచ్చాయి. రావుగారు ఏడింటినీ స్టోరు గదిలో వరసగా నిలబెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"జీపుల్లో పెట్టాలి కదండీ?" అన్నాను.

"జీపుల్లో దుమ్ము పడుతుందమ్మా. ఎవరైనా వచ్చి చూస్తే శుభ్రంగా కనబడాలి."

"మంట వస్తే?"

"ఫోన్ చేస్తారు. పంపిద్దాం."

మా జీపులు తిరిగే చోట ఫోన్ పలకదు, రోడ్డు ఉండదు, ఒక్కోసారి నేల కూడా నమ్మకంగా ఉండదు. పెద్దవాళ్లతో వాదించడం మా ఇంట్లో అలవాటు లేదు. అందుకని మర్నాటి నుంచి జీపులు బయల్దేరే వేళకు ఆయన టేబుల్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఒకే ప్రశ్న అడిగేదాన్ని. "ఇవాళ ఏ జీపుకు మంట రాదో చెప్పండి, దాని సిలిండర్ లోపలే ఉంచుతాను."

మూడో రోజు తాళంచెవి టేబుల్ మీద పెట్టేశారు.

"తీసుకుపో. కానీ సీటు కింద పెట్టించు. పైకి కనబడితే ఎవడో ఎత్తుకుపోతాడు."

"బిగించడానికి పట్టీలు కావాలండీ."

"అంత బరువున్నది, ఎక్కడికి పోతుందమ్మా?"

ఎక్కడికి పోతుందో తర్వాతి నెలలో ఆయనకే తెలిసింది.

జీపులో తెడ్డు

పోలయ్య వాళ్లది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపలవాళ్ల కుటుంబం. సునామీ రోజున ఆయనా, భార్య నూకాలమ్మా కొండెక్కి బతికారు. ఇల్లు పోయింది, పడవ పోయింది. కొన్నాళ్లకు ఒడ్డున ఒక తెడ్డు దొరికింది. పిడి మీద తను కత్తితో చెక్కుకున్న చేప గుర్తు చూసి తనదేనని పోల్చుకున్నాడు. మళ్లీ సముద్రం మీదికి పోనని ఒట్టు పెట్టుకుని, అందిన సాయానికి నూకాలమ్మ మెడలోది కలిపి ఒక పాత జీపు కొని మా పనికి కుదుర్చుకున్నాడు. పడవ పేరే జీపుకు పెట్టాడు. గంగమ్మ. తెడ్డును జీపు లోపల పక్కకు కట్టుకుని తిరిగేవాడు.

"జీపుకి తెడ్డెందుకన్నా?" అని మొదటిసారి అడిగాను.

"సముద్రం రోడ్డు మీదకి రాలేదేటి సెల్లెమ్మా? ఈపాలొత్తే ఇదే నాకు పడవ."

తెడ్డు మీద అంత నమ్మకం ఉన్న మనిషికి ఎర్ర డబ్బా మీద రవ్వంత కూడా లేదు. "అన్ని నీళ్లు సూసినోణ్ణి. నిప్పేటి సేత్తాది నన్ను?" అనేవాడు.

నెలకోసారి తనిఖీలో ప్రతి డ్రైవరునూ ఒక ప్రశ్న అడిగి, జవాబు రాసుకోవాలి. మంట వస్తే ముందేం చేస్తావు? మిగతావాళ్లు పిన్ను లాగుతాను, గొట్టం పట్టుకుంటాను అని పాఠం అప్పజెప్పేవారు. పోలయ్యది ఎప్పుడూ ఒకటే జవాబు.

"పరిగెడతాను."

రావుగారు ఆ జవాబు పక్కన ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టమన్నారు. కురియన్ సాబ్‌కు చెబితే ఆయన అద్దాలు తుడుచుకుని, "ఏడుగురిలో పాసైంది వాడొక్కడే," అన్నారు. "ముందు దూరం జరగాలి. తర్వాత తిరిగి చూడాలి. నువ్వు వాడికి ఆ రెండోది నేర్పు."

డబ్బా ఎక్కడికి పోతుంది

సిప్పీఘాట్ దగ్గర సునామీ నాడు వరిపొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్లీ వెనక్కి పోలేదు. నేలే కుంగిందన్నారు. ఆ నీళ్ల మధ్య గట్టు మీద ఒక మట్టిబాట ఉండేది. ఒక ఉదయం పోలయ్య జీపులో రావుగారు ముందు సీట్లో, నేను వెనక కూర్చుని ఆ బాట మీద వెళ్తున్నాం. దిబ్బ మీద నుంచి గట్టుకు దిగుతుండగా సీటు కింద నుంచి ఏదో దొర్లిన చప్పుడైంది.

"సార్, బేకు పడతాలేదు," అన్నాడు పోలయ్య, టీ చల్లారిపోయిందన్నంత నిదానంగా.

"గట్టిగా తొక్కు!"

"తొక్కుతున్నాను సార్. మీ డబ్బా తొక్కుతున్నాను. బేకు దాని కింద ఉన్నాది."

జీపు ఏ తొందరా లేకుండా గట్టు దిగి, పొలంలోకి వెళ్లి, సీట్ల దాకా నీళ్లు వచ్చాక ఆగింది. రావుగారు ఫైళ్లను నెత్తిన పెట్టుకున్నారు. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. పోలయ్య తాపీగా తెడ్డు విప్పి, నీటిలో దించి లోతు చూశాడు.

"నడుం లోతు. బయం లేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "సెప్పేనా లేదా సెల్లెమ్మా, తెడ్డు కావాలని?"

దగ్గరి పొలాల్లోంచి ట్రాక్టరు తెచ్చి లాగించే దాకా రావుగారు ఆ ఫైళ్లు దించలేదు. మర్నాడు నేను అడగకముందే, "అమ్మా, పట్టీలు ఇనుపవే తెప్పించు, ప్లాస్టిక్‌వి వద్దు," అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కొంతమంది నీళ్లలో మునిగాక కూడా తెప్పించరు.

కొత్తగా చేరేవాళ్లు ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. బరువైన వస్తువు రాళ్లబాటలో తిరిగే బండిలో ఊరుకోదు. ఇనుప పట్టీతో, ఒక్క పట్టున ఊడే బిగింపుతో, డ్రైవరు సీట్లోంచి చేయి చాస్తే అందేలా, తలుపు తీసి బయటి నుంచి కూడా అందేలా పెట్టాలి. ఇంజను దగ్గర వద్దు. మంట ఎక్కడ పుట్టవచ్చో అక్కడ పెడితే, మంటలోంచే సిలిండర్‌ను తీసుకోవాల్సి వస్తుంది.

ఊపడం గురించి

మా అక్క మనవరాలు నవ్విన పని ఇదే. మెత్తటి రోడ్ల మీద తిరిగే బండిలో పొడి పొడిగానే ఉంటుంది. రాళ్లలో, గుంటల్లో రోజంతా కుదిలించే జీపులో అది అడుగుకు దిగి, డబ్బాలో ఉప్పు గడ్డకట్టినట్టు బిగుసుకుంటుంది. అప్పుడు పైనున్న మీటరు ముల్లు పచ్చగీతలోనే ఉంటుంది, లోపల గాలీ ఉంటుంది, నొక్కితే మాత్రం ఉస్సుమని గాలే వస్తుంది. అందుకే నెలకోసారి తలకిందులు చేసి, అడుగున రబ్బరు సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేదాన్ని. చేటలో బియ్యం జారిన చప్పుడు వస్తే బాగున్నట్టు. ఏమీ జారకపోతే కురియన్ సాబ్ దగ్గరికి. ఉప్పుగాలికి అడుగున తుప్పు పడుతుంది కాబట్టి వేలితో తడిమి చూడాలి. కంటితో చూస్తే చాలదు.

ఒకసారి ఫెరార్‌గంజ్ పని దగ్గర ఒక సిలిండర్ ముల్లు ఎర్రగీతలోకి దిగి ఉంది. మంట వచ్చిన కబురు లేదు. చుట్టూ చూస్తే రేకుల షెడ్డు వెనక వాలీబాల్ కోర్టు కనబడింది. గీతలు తెల్లగా, తీర్చినట్టు ఉన్నాయి.

"దీదీ, థోడా హీ లియా," అన్నాడు ఆ జీపు డ్రైవరు. "సగం ఇంకా ఉంది."

ఒక్కసారి నొక్కాక సగం ఉన్నా లేనట్టే, గాలి నెమ్మదిగా కారిపోతుందని అతనికి చెప్పాను. మందలించాను కూడా. అయితే నిజం చెప్పాలి. అంత తిన్నని గీతలు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

తొమ్మిది ముళ్లు

ఇక నా తప్పు.

ఆ ఏడాది దసరాకు ఆయుధపూజ చేద్దామని డ్రైవర్లంతా అనుకున్నారు. జీపులు కడిగారు, మామిడాకులు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజ నన్ను చేయమన్నారు. ముందురాత్రే కూర్చుని నూలు పోగులకు పసుపు రాసి, ఒక్కో తోరానికి తొమ్మిది ముళ్లు వేసి ఏడు తోరాలు సిద్ధం చేశాను. చక్రానికి కడితే మట్టిలో పడుతుంది. స్టీరింగుకు కడితే చేతికి అడ్డం. జీపులో మనల్ని కాపాడే ఆయుధం ఏది? నాకు ఎర్ర సిలిండరే కనబడింది. బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, పిడికీ పిన్నుకూ కలిపి చుట్టి కట్టాను. చాలా ముచ్చటగా ఉంది. ఏడింటికీ కట్టాను.

పోలయ్య మొదటిసారి ఆ డబ్బాకు చేతులు జోడించాడు.

"గట్టిగా కట్టు సెల్లెమ్మా. మా బాటకి ఊడిపోద్ది."

ఆయన్ని ఇన్నాళ్లకు దారికి తెచ్చానన్న సంతోషంలో ఇంకో మూడు చుట్లు చుట్టి బిగించాను.

తర్వాత నెలనెలా తనిఖీ చేస్తూనే ఉన్నాను. ముల్లు చూశాను, తుప్పు చూశాను, ఊపాను, తట్టాను. తోరం దగ్గరికి వచ్చేసరికి కళ్లకద్దుకుని వదిలేసేదాన్ని. చీమంత తుప్పును వేలితో తడిమే మనిషిని, ఆ ముడి ఎంత బిగిసిందో ఒక్కసారి కూడా ముట్టుకుని చూడలేదు.

ఆ మధ్యాహ్నం

ఎండాకాలం మొదలైంది. ఫెరార్‌గంజ్ దాటాక బీడుపడిన పొలాల్లోంచి పనిదగ్గరికి అడ్డదారి ఉండేది. మోకాలెత్తు ఎండుగడ్డి. పోలయ్య, నేను, వెనక ఇనుప రేకులు. ఆ రోజు డీజిలు డ్రమ్ము వేసుకోలేదు. అందుకు ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

"ఎవులో పొయ్యెట్టినట్టున్నారు," అన్నాడు పోలయ్య గాలి పీలుస్తూ.

చుట్టుపక్కల ఇల్లే లేదు. నా కాళ్ల దగ్గర జీపు అడుగురేకు సందుల్లోంచి పొగ వచ్చింది. జీపు కింద పొగగొట్టం చుట్టూ ఎండుగడ్డి పేరుకుని అంటుకుంది.

పోలయ్య తను ప్రతి నెలా చెప్పిన జవాబుకు కట్టుబడ్డాడు. జీపును గడ్డి తక్కువగా ఉన్న చోట ఆపి, ఇంజను కట్టేసి, నా రెక్క పట్టుకుని దింపి పరిగెత్తించాడు. పాతిక అడుగులు పోయాక ఆగి వెనక్కి తిరిగాం. కింద నుంచి మంట నాలుకలు కనబడుతున్నాయి. ఆయన అక్కడే కూలబడిపోయి తల పట్టుకున్నాడు.

"అయిపోనాది సెల్లెమ్మా. ఇదీ పోనాది."

కురియన్ సాబ్ నేర్పమన్న ఆ రెండోది, తిరిగి చూడటం, నాకు గుర్తొచ్చింది. మంట ఇంకా చిన్నదే, కిందే ఉంది. పరిగెత్తుకెళ్లి తలుపు తీశాను. ఇనుప పట్టీ ఒక్క పట్టుకు ఊడింది. రావుగారికి మనసులోనే దండం పెట్టాను. సిలిండర్ బయటకు తీసి పిన్ను లాగాను.

రాలేదు.

మళ్లీ లాగాను. తొమ్మిది ముళ్లూ, పైన మూడు చుట్లూ, పసుపు ఎండి, ఉప్పుగాలికి బిగిసి తీగలా ఉన్నాయి. గోళ్లతో పీకాను. పళ్లతో కొరికాను. "తల్లీ, తప్పు, తప్పు," అంటూనే కొరుకుతున్నాను. ఈలోపు పోలయ్య వచ్చాడు.

"కత్తి తియ్యన్నా!" వల బాగుచేసుకునే చిన్న కత్తి ఆయన మొలలో ఎప్పుడూ ఉండేది.

"దేనికి?"

"తోరం కొయ్యి!"

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "తోరం కోత్తారేటి! అమ్మోరు ఊరుకుంటాదా?"

"కట్టింది నేను! కొయ్యమంటున్నది నేను!"

"నువ్వు కట్టినప్పుడు దండవెట్టినాను కదా నాను!"

"ఇప్పుడూ పెట్టు! పెట్టి కొయ్యి!"

వెనక జీపు కాలుతోంది. పోలయ్య కత్తిని రెండు చేతుల మధ్య పట్టుకుని నమస్కారం చేశాడు. కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకునే కోశాడు. నా బొటనవేలు ఈనాటికీ నా దగ్గరే ఉండటం దైవకృప.

పిన్ను వచ్చింది. ఇన్నాళ్లూ పదిమందికి పాఠం చెప్పిన నేను, ఎదురుగాలికి నిలబడి నొక్కాను. పొడంతా వెనక్కి వచ్చి మా ఇద్దరి మొహాన పడింది. "గాలి వీపుకి!" అని నా మీద నేనే అరుచుకుని, చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, వంగి, మంట కాళ్ల మీద కొట్టాను. ఆగి ఆగి, కొంచెం కొంచెంగా. మంట ఆరింది. ఇద్దరం ఊపిరి వదిలాం. పొగగొట్టం మీద గడ్డిలో మళ్లీ ఎర్రగా రాజుకుంది.

సిలిండర్‌లో ఇంకా కాస్త పొడి ఉంది, ఎంతో తెలియదు. "గడ్డి లాగాలి అన్నా! గడ్డి లోపలుంటే మళ్లీ అంటుకుంటుంది!"

పోలయ్య తెడ్డు లాగాడు. బోర్లా పడుకుని, చెయ్యి అందనంత దూరం నుంచి జీపు కిందికి తెడ్డు తోసి, మండుతున్న గడ్డిని కుచ్చులు కుచ్చులుగా బయటకు లాగాడు. బయటకు వచ్చినదాన్ని నేను కాలితో మట్టి తోసి ఆర్పాను. లోపల మిగిలిన ఎరుపు మీద ఆఖరి పొడి కొట్టాను. గొట్టంలోంచి ఉస్సుమని ఉత్త గాలి వచ్చేసరికి జీపు కింద ఎరుపు పోయి, పొడితో తెల్లగా ఉంది. మంట లేదు.

చాలాసేపు చూస్తూ నిలబడ్డాం. ఇద్దరం పిండిమరలోంచి వచ్చినట్టున్నాం. తెడ్డు కొన నల్లగా కాలింది. పోలయ్య దగ్గరికి వెళ్లి బానెట్ మీద చెయ్యి వేశాడు, పడవ ముక్కు మీద వేసినట్టు.

"మిగిలినాదా?"

"మిగిలింది అన్నా."

ఆయన ఏడ్చాడు. తెల్ల మొహం మీద రెండు చారలు పడ్డాయి. నేను చూడనట్టు సిలిండర్ పైనుంచి కింది దాకా చదువుకుంటూ నిలబడ్డాను.

తుప్పు అని రాద్దామన్నారు

సాయంత్రం రావుగారికి జరిగినదంతా చెప్పాను. రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఆయన పక్కనే నిలబడి గొంతు తగ్గించారు.

"అమ్మా, తోరం సంగతి ఎందుకు? పిన్ను తుప్పు పట్టిందని రాద్దాం. నీకూ మాట రాదు, దేవుడికీ మాట రాదు."

ఆ మాట నా మంచి కోసమే అన్నారు. నాకూ ఒక్క నిమిషం అది బాగానే వినిపించింది.

"తుప్పని రాస్తే మిగతా ఆరు జీపుల్లో తుప్పు వెతుకుతాం అండీ," అన్నాను. "వాటిలో ఉన్నది తోరం. రేపు పొద్దున అవన్నీ బయల్దేరతాయి."

ఆయన టేబుల్ మీది కత్తెర తీసుకుని, చెప్పులు వేసుకుని, "పద," అన్నారు. ఇద్దరం ఆరు జీపుల దగ్గరికీ వెళ్లాం. వాలీబాల్ డ్రైవరు అడ్డం నిలబడ్డాడు.

"దీదీ, ఆప్ హీ నే బాంధా, ఆప్ హీ కాటేంగే?"

"హాఁ భయ్యా. కట్టడం నా తప్పు. కోయకపోతే రెండు తప్పులు."

కోసిన తోరాలన్నీ ఒక ఆకులో పెట్టి సముద్రంలో కలిపాను. రిపోర్టులో తోరం అనే రాశాను, కట్టినవారి పేరుతో సహా. దాని వల్ల నాకు వచ్చిన నష్టం ఏమిటంటే, కొన్నాళ్ల పాటు డ్రైవర్లు నన్ను చూడగానే కత్తి దాచుకునేవారు.

దేవుణ్ణి తలుచుకోవడం తప్పయిందని నేను అనుకోను. ఆ రోజు ఎన్ని రకాలుగా దయ చూపాడో లెక్కపెట్టుకుంటే నిద్ర రాదు. నా తప్పు వేరు. ముట్టుకోకూడదని నేను అనుకున్న చోటును తనిఖీ చేయకుండా వదిలేశాను. మా అక్క మనవరాలికి ఇదే చెబుతాను. నీ కంపెనీలో కూడా ఎవరూ ముట్టుకోని చోటు ఒకటి ఉంటుంది. అది పూజదారం కావచ్చు, పెద్దసారు మాట కావచ్చు. దండం పెట్టుకో. పెట్టుకున్నాక వేలుపెట్టి లాగి చూడు.

ఆఖరి తనిఖీ

తర్వాతి దసరాలకు సిలిండర్‌కు బొట్టు మాత్రమే పెట్టాం, ముల్లుకు అడ్డం రాకుండా. తోరం తెడ్డుకు కట్టాం. దాన్ని లాగాల్సిన పిన్ను లేదు కాబట్టి ఎన్ని ముళ్లైనా వేసుకోవచ్చు.

గంగమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు తిరిగింది. దాని సంపాదనతోనే పోలయ్య, నూకాలమ్మ మళ్లీ ఇంటివాళ్లయ్యారు. నేను పని మానేసే రోజున ఆఖరి తనిఖీకి ఆ జీపు దగ్గరికే వెళ్లాను. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది, ఈసారి పొడి వల్ల కాదు. పట్టీ ఊడదీసి చూశాను. తలకిందులు చేసి తట్టాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. బియ్యం జారినట్టు జారింది. ముల్లు పచ్చగీతలో ఉంది. కాగితం తీసుకుని, అలవాటు ప్రకారం అడిగాను.

"మంట వస్తే ముందేం చేస్తావన్నా?"

ఈసారి పరిగెడతాననలేదు.

"ముందు నిన్ను దింపేత్తాను సెల్లెమ్మా. నువ్వుంటే మళ్లీ ఏదో ఒకటి కట్టేత్తావు."

జవాబు సరైనదని రాసి, సంతకం పెట్టాను.